విఠల్ కట్టిన జల్లెడ

ఇరవై ఏళ్ల కిందట, దీపావళి వెళ్లిన వారానికి, ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేరాను. మాది హుస్నాబాద్. పత్తి నుంచి గింజను వేరు చేసే విదేశీ యంత్రం అప్పుడే మిల్లులో దిగింది. ఒప్పందం ప్రకారం యంత్రం వచ్చింది, నడిపే పద్ధతి చెప్పే పుస్తకం వచ్చింది. డ్రాయింగులు మాత్రం రాలేదు. అనుమతి లేకుండా మార్పులు చేస్తే వారంటీ పోతుందన్న కాగితం మీద సంతకం పెట్టింది నేనే.

ఇల్లు అలకగానే పండగ కాదని మొదటి వారమే తెలిసింది. పత్తి తడిగా ఉంటే యంత్రం తనంతట తానే ఆగిపోయేది. కంపెనీని అడిగితే, మధ్యాహ్నం ఏరిన పత్తే కొనమని సలహా పంపారు. నాకూ సబబుగానే తోచింది. మా ఫిట్టర్ విఠల్ నవ్వాడు.

"మధ్యాహ్నం ఏరితె ఎండుటాకు పొడై దూదిల కలుస్తది సార్. అందుకే మనోళ్లు పొద్దుగాల మంచుల ఏరుతరు. గీ మిషన్ చేసినోళ్లకు గా సంగతి ఎవలు చెప్పలే," అన్నాడు.

మూడు రోజుల్లో ఇనుప జాలితో వాలుగా ఒక జల్లెడ కట్టి, కింద నుంచి పాత బ్లోయర్‌తో వెచ్చని గాలి కొట్టించాడు. పత్తి దాని మీద జారుతూ ఆరి లోనికి పోయేది. యంత్రం మళ్లీ ఆగలేదు. ఇచ్చోడ నుంచి వచ్చిన పత్తి బండ్లు వెనక్కి పోలేదు. ఆ సీజను హుషారు, గేటు దగ్గర విఠల్‌తో తాగిన చాయ్ ఇప్పటికీ యాదికొస్తాయి.

అతను అడిగింది ఒక్కటే. "లాగ్‌బుక్కుల నా పేరు రాయుండ్రి సార్. రేపు ఎవలన్న అడిగితె సూపెట్టుకుంట."

వారంటీ భయం నాది. సీజను అయ్యాక చూద్దామన్నాను.

ఎండాకాలం మొదట్లో కంపెనీ నిపుణుడు వచ్చాడు. చీవాట్లు పెడతాడనుకుంటే, జల్లెడ చుట్టూ రెండుసార్లు తిరిగి, మెచ్చుకుని, కొలతలు తీసుకున్నాడు. ఉబ్బి తబ్బిబ్బై టేపు రెండో కొస పట్టుకున్నది నేనే.

నాలుగేళ్లకు అదే కంపెనీ కొత్త మోడల్ దిగింది. ముందు భాగంలో మా జల్లెడే, రంగు వేసుకుని, పేటెంటు నంబరుతో ఉంది. విఠల్ చేత్తో తడిమి చూశాడు.

"వాలు సుత మనదే సార్," అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పేటెంటు మీద అభ్యంతరం రాద్దామని పాత లాగ్‌బుక్కు తీశాను. ఆ మూడు రోజుల పేజీలో నా చేతిరాతే ఉంది: "యంత్రం మామూలుగా నడిచింది. మార్పులేమీ చేయలేదు."

పరాయి యంత్రాన్ని మన పత్తికి నప్పించే తెలివి మన షెడ్లలోనే పుడుతుంది. అది దేశానికి మిగలాలంటే, ఎవరు చేశారో ఆ రోజే రాసి పెట్టాలి. ఆ రాసే పని నాది. నేను చేయలేదు.