నైలాను తాడుకు ఐదు వరుసలు

మా నాన్న చదివింది ఐదో తరగతి. అయినా ఆ వారం మా నిఘంటువు ఆఫీసుకు ఆయన్ని మించిన పండితుడు దొరకలేదు. నా వంతుకు వచ్చిన ఇంగ్లీషు మాట ‘స్ప్లైస్’. ముడి వేయకుండా రెండు తాళ్లను ఒకటి చేయడం అన్నమాట. మా సంపాదకుడు ‘అతికించుట’ అని రాసేసి చేతులు దులుపుకున్నాడు. తాళ్లను జిగురు పెట్టి అతికిస్తారా? నాకు ఒళ్లు మండింది. రేవులో ముప్పై ఏళ్లు తాళ్లు కలిపిన మనిషి ఇంట్లోనే ఉండగా ఇంకెవర్నో అడగడం దేనికని నాన్న పక్కన కూర్చున్నాను.

బట్టలారేసే తాడును కోసి మరీ చూపించాడు నాన్న. అమ్మ చేత తిట్లూ తిన్నాడు. రెండు కొసల్లోనూ పేటలు విప్పి, దీని పేటల్ని దాని పేటల కిందుగా దూర్చాడు.

"ముందు విడదీయాలి. విడదీయకుండా కలిపితే నిలవదు."

"ఆ మాట పుట్టిందే అక్కడ్నుంచట నాన్నా. డచ్చి ఓడల వాళ్ల మాట. దానికి మూలం చీల్చడమేనట."

"చూశావా, వాళ్లకీ తెలుసు," అని మురిసిపోయాడు.

"ఎన్ని వరుసలు దూర్చాలి? రాసుకుంటాను."

"నార తాడుకు మూడు. నైలానుకు ఐదు. నున్నగా ఉంటుంది కదా, మూడైతే బరువు పడగానే జారిపోతుంది." అంతే, ఆయన చేతులు ఆగిపోయాయి.

మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, నాన్నతో ఒకే బల్ల దగ్గర పనిచేసేవాడు. ఇరవై రెండేళ్ల కిందట ఆయన కలిపిన తాడు జారి, క్రేను ఎత్తిన యంత్రం కిందపడి తునాతునకలైంది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మామయ్య ఉద్యోగం మాత్రం పోయింది. అప్పుడు నాకు ఏడేళ్లు. ‘జారుముడి మామయ్య’ అని పేరు పెట్టింది నేనే. అందరూ పగలబడి నవ్వారు, ఆయనతో సహా.

"ఆ తాడు కలిపింది నేనమ్మా," అన్నాడు నాన్న.

ఆ రోజు మామయ్య జ్వరమొచ్చి మధ్యాహ్నమే ఇంటికెళ్లాడట. వెళ్తూ వెళ్తూ "నైలానుకు ఐదు వెయ్ బావా" అన్నాడట. నిన్నగాక మొన్న వచ్చినవాడు నాకు పని నేర్పేదేమిటని నాన్న మూడే వేశాడు. నైలాను పని మామయ్యది కాబట్టి మేస్త్రీ ఆయన్నే పట్టుకున్నాడు. నాన్న నోరు మెదపలేదు.

నాకు నాన్న మీద పీకల దాకా కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఆ పేరుతోనే పిలిచినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"లే. ఇప్పుడే వెళ్లి చెప్పు."

మామయ్య ఇప్పుడు తాళంచెవులు చేసే కొట్టు నడుపుతున్నాడు. కూర్చోమంటే నాన్న కూర్చోలేదు.

"ఆ రోజు జారింది నేను కలిపిన తాడురా," అన్నాడు ఒక్క గుక్కలో.

మామయ్య ఆకురాయి ఆపలేదు. "తెలుసు బావా. ఆ కొస మేస్త్రీ నాకూ చూపించాడుగా. మూడు వరుసలే ఉన్నాయి."

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"చెబితే నీ ఉద్యోగం పోయేది. నీకు అక్కా, పాపా ఉన్నారు. నేను ఒంటరివాణ్ణి." ఆకురాయి కింద పెట్టి నాన్న వైపు చూశాడు. "ఇంట్లోనైనా చెప్తావనుకున్నా బావా. పనిచేతకాని తమ్ముడని అక్క నలుగురిలో తలొంచుకుంటుంటే, రేపు చెప్తాడు, ఎల్లుండి చెప్తాడు అని చూశా."

నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇవాళే చెప్తాన్రా. ఇంటికెళ్లగానే చెప్తా."

దారంతా ఎలా మొదలుపెట్టాలో నన్ను అడుగుతూనే ఉన్నాడు. గుమ్మంలో అమ్మ ఎదురైంది.

"చెప్పాపెట్టకుండా ఎక్కడికెళ్లారు ఇద్దరూ?"

నాన్న చెప్పులు విప్పాడు. కాళ్లు కడుక్కున్నాడు. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఊరికే," అన్నాడు. "అలా నడిచొచ్చాం."

అమ్మ నా వైపు తిరిగింది. నేను తలూపాను.