గుట్ట అయిపోయాక వచ్చిన తీర్పు

మా మేనత్త పోయిందని పోయిన సోమవారం పొద్దున్నే ఆమె కొడుకు ఫోను చేశాడు. "అమ్మ లేదు బావా" అన్నాడు. వెంటనే, "నిన్న సాయంత్రం గూడా కోర్టును తిడతానే ఉండె" అన్నాడు. ఏడవబోయినవాణ్ని నవ్వేశాను. ఆమె కోపం అలాంటిది.

కొత్తచెరువు దగ్గర మా ఊళ్లో అత్తకు కొంచెం మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఉండేవి. మామ చిన్న వయసులోనే పోతే ఆ పురుగుల మీదే పిల్లల్ని పెంచింది. వానలు ఎగ్గొట్టి వేరుశనగ మాడిపోయిన ఏళ్లలో కూడా బోరులో వచ్చే సన్నటి ధారతో తోటను పచ్చగా నిలబెట్టుకుంది.

తొంభైల చివర్లో తోటకు ఎదురుగా ఉన్న గుట్ట కింద, ఆ గుట్ట రాయినే పగలగొట్టే కంకర మిషను పెట్టారు. కొద్దిరోజులకే ఆకుల మీద తెల్లటి దుమ్ము పేరుకుంది. దుమ్ము పట్టిన ఆకును పురుగు తినదు. కడిగి తడి ఆకు వేస్తే రోగమొచ్చి చస్తుంది. అందుకని అత్త పాత చీర ముక్కలతో ఆకులు తుడిచేది. పలకరించడానికి వెళ్లినవాళ్ల చేతికీ ఒక గుడ్డ ఇచ్చి, "తుడుస్తా మాట్లాడప్పా, నోటికి పని, చేతికీ పని" అనేది.

ముందు మిషను యజమాని దగ్గరికే పోయింది. నీళ్లు చల్లి ఆడించమంది, చుట్టూ రేకులు కట్టమంది. అతను వినలేదు. అప్పుడు కాలుష్య శాఖకు ఫిర్యాదు చేసింది. ఒక కుర్ర ఆఫీసరు వచ్చి, ఆకుల మీద వేలితో గీసి చూసి, మిషను మూయించే ఆర్డరు తెచ్చాడు. ఊరంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఎంతోకాలం ఉండలేదు. యజమాని హైదరాబాదు పోయి పెద్దకోర్టు నుంచి స్టే తెచ్చుకున్నాడు.

నేను హిందూపురంలో బడిపంతులును కాబట్టి కోర్టు కాగితాలు చదివే పని నాకు పడింది.

"స్టే అంటే ఏంది అల్లుడా?"

"కేసు తేలేదాకా మిషను ఆపొద్దని."

"కేసు తేలేదాకా దుమ్ము ఆపమని చెప్పకూడదా?"

నేను ఆ మాట కోసం కాగితమంతా మళ్లీ వెతికాను.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి తీర్పు వచ్చింది. మూయించే అధికారం శాఖకు ఉంది, కానీ యజమానికి నోటీసిచ్చి అతని మాట వినకుండా మూయించారు, కాబట్టి ఆ ఆర్డరు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రండి అన్నారు. "మనం ఓడలేదమ్మా" అని అత్త తరఫున పెట్టుకున్న వకీలు నచ్చజెప్పబోయాడు. అత్త ఆయన ముఖంలోకి చూసి, "నా తోట మీదికి దుమ్ము వచ్చేటప్పుడు నాకెవురన్నా నోటీసిచ్చినారా సార్?" అంది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

శాఖవాళ్లు ఈసారి నోటీసిచ్చారు, విన్నారు, మూయించారు. యజమాని మళ్లీ కోర్టుకెక్కాడు. పొలాలకు ఇంత దూరంలో ఉండాలనే నిబంధన తన మిషను పెట్టాక వచ్చిందని, అది తనకు వర్తించదని వాదన. మళ్లీ స్టే. ఆఫీసరు వచ్చి, "చేతులు కట్టేసినారమ్మా" అంటే, "నోరు కట్టెయ్యలేదు కదా? ఆడికి పోయి గట్టిగా చెప్పుపో" అని కసిరింది. కసిరి, సంగటి పెట్టి పంపింది.

ఆ ఏళ్లలోనే ఒక పంట పురుగంతా చచ్చింది. తట్టలకొద్దీ తెచ్చి గుంతలో పోసి పూడ్చింది. తర్వాత సగం తోట పెరికించేసింది. అయినా మిషను దగ్గర దగ్గుతూ పనిచేసే కూలీలకు మజ్జిగ పంపడం మానలేదు. "నా కొట్లాట మిషనుతో, వాళ్లతో కాదు" అనేది.

రెండో తీర్పు వచ్చేసరికి నా తల నెరిసింది. నిబంధన పాత మిషన్లకూ వర్తిస్తుంది, ప్రభుత్వానికి ఆ అధికారం ఉంది అని కోర్టు తేల్చిచెప్పింది. నేను పరుగున వెళ్లి చదివి వినిపించాను. అత్త చెయ్యెత్తి ఎదురుగా చూపించింది. అక్కడ పెద్ద గొయ్యి తప్ప ఏమీ లేదు. రాయి అయిపోయి యజమాని అంతకుముందే మిషను విప్పుకుని పోయాడు.

"అధికారం ఉండాదంట. గుట్ట యాడుండాది?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కొన్నాళ్లకు అదే యజమాని కుందుర్పి వైపు ఇంకో గుట్ట కింద మిషను బిగిస్తున్నాడని ఆమెకు తెలిసింది. మోకాళ్ల నొప్పులతో, నన్ను వెంటబెట్టుకుని, బస్సులు మారి ఆ ఊరికి పోయింది. అరుగు మీద కూర్చుని ఆడవాళ్లను పిలిచి, "మిషను ఆడినాంక అర్జీ పెడితే నా మాదిరే అయితాది. ఆడకముందే పెట్టండి. ఇదో, తీర్పు" అంది. వాళ్లు శాఖకు అర్జీ పెట్టారు. పొలాలు దగ్గరున్నాయని, ఆ తీర్పు చూపించి శాఖవాళ్లు అనుమతి నిరాకరించారు. యజమాని మళ్లీ కోర్టుకు పోయాడు గానీ ఈసారి స్టే దొరకలేదు.

ఆ సంగతి చెప్పడానికి వాళ్లు పిలిస్తే మళ్లీ వెళ్లాం. సంతోషమా అత్తా అని నేనడిగితే, "ఏం సంతోషం? ఒక గుట్ట తినిపిచ్చి ఇంకో గుట్ట కాపాడినారు" అని విసుక్కుంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. బయట ఆ ఊరి గుట్ట చెక్కుచెదరకుండా ఉంది. బండల మధ్య గొర్రెలు మేస్తున్నాయి. వాటి వెనక ఎవరో ఒకామె కొంగు నెత్తిన వేసుకుని నిదానంగా పైకెక్కుతోంది. బస్సు మలుపు తిరిగేదాకా అత్త అటువైపు నుంచి తల తిప్పలేదు.