ఏ టెస్టు, మెర్సీ?

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతు దగ్గర ఆగిపోయి ఉంది. మింగలేను, బయటికి అనలేను. అన్నం తినేటప్పుడు, కూతురికి లెక్కలు చెప్పేటప్పుడు, ఎవరైనా నన్ను నెమ్మదస్తుడని మెచ్చుకున్నప్పుడు అది అక్కడే మెదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేకనే మీకు చెబుతున్నాను.

నేను నెల్లూరులో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీలో పనిచేస్తాను. ఒక పెద్ద కంప్యూటరును సాఫ్ట్‌వేరుతో ముప్పై నలభై భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒక్కొక్కరికి సొంత సర్వరులాగా అద్దెకివ్వడం మా పని. దాన్ని వీపీఎస్ అంటారు.

అప్పట్లో కొత్త మిషన్లు వచ్చాయి. వాటికి ఏ సాఫ్ట్‌వేరు వాడాలో తేల్చమని ఓనరు గారు నాకు చెప్పారు. రెండు రకాలు ముందున్నాయి. మొదటిది నాకు ఆరేళ్లుగా చేతికి అలవాటైన పని. అందులో భాగాలన్నీ అడుగున ఒకే కెర్నెల్‌ను, అంటే మిషన్‌ను నడిపించే మూల ప్రోగ్రామును, పంచుకుంటాయి. తేలిక. ఎక్కువమందిని పట్టించవచ్చు. కానీ ఆ కెర్నెల్ నిలిచిపోతే అందరూ నిలిచిపోతారు. రెండో రకంలో ఏ భాగం కెర్నెల్ దానిదే. ఒకరిది కూలినా పక్కవాళ్లది నడుస్తుంది.

రెండోది నాకు చేతకాలేదు. ఈ వాక్యం రాయడానికే ఇంతసేపు పట్టింది. నాలుగు రోజులు కుస్తీ పట్టాను. భాగాలన్నీ లేచాయి, వాటికి బయటి ఇంటర్నెట్ మాత్రం అందలేదు. ఐదో రోజు మెర్సీ వచ్చి పక్క కుర్చీలో కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు దాన్ని నడిపించింది.

మెర్సీ నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. మా కంపెనీలో చేరి అప్పటికి ఏడాది. కొడవలూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాన్న కౌలుకు వరి వేసేవాడు, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపులో వెటకారం ఎన్నడూ లేదు. నేనే వెతుక్కునేవాణ్ణి.

ఒక టెస్టు చేసి చూద్దామని ఆమే అంది. ఒక భాగం మీద మోయలేనంత పని వేసి, మిగతావి ఏమవుతాయో చూడాలి. మొదటి రకం మీద నేనే చేశాను. మూడుసార్లు చేస్తే రెండుసార్లు మిషన్ మొత్తం బిగుసుకుపోయింది. రెండో రకంలో ఆ ఒక్క భాగమే ఆగింది. ఫలితాలు ప్రింటు తీసి ఇద్దరం చూశాం. ఓనరు గారికిచ్చిన రిపోర్టులో నేను ఆ పేజీ పెట్టలేదు. మొదటిదే మేలని రాశాను. ఆ ప్రింటు చించేశాను.

ఎందుకు? రెండోది వస్తే ఇకమీదట అందరూ మెర్సీని అడుగుతారు, నేను కూడా ఆమెనే అడగాల్సి వస్తుంది అనుకున్నానా? అనుకున్నాను. అయితే అప్పుడు నాకు నేను చెప్పుకున్నది అది కాదు. తెలిసిన సాఫ్ట్‌వేరే భద్రం, అనుభవం కూడా ఒక లెక్కే, టెస్టులో వేసినంత బరువు నిజంగా ఎవరు వేస్తారు అని పెద్దమనిషిలాగా సర్ది చెప్పుకున్నాను.

మా కస్టమర్లలో జువ్వలదిన్నె వైపు ఒక పట్టపు పల్లె, అంటే చేపలు పట్టేవాళ్ల ఊరు, నుంచి పోలయ్య గారని ఒకాయన ఉండేవాడు. సముద్రం మీద గాలి లేస్తుందని కబురు వస్తే, ఆయన తన గొంతుతో రికార్డు చేసి పెట్టేవాడు. మా దగ్గరున్న ఆయన వీపీఎస్ నుంచి పల్లెలో పడవలున్న అందరికీ ఫోన్లు పోయేవి. ఎంత చిన్న గాలైనా ఫోను పోవాల్సిందే.

ఒకరోజు పొద్దున గాలి కబురు వచ్చింది. సాయంత్రం వలలకు పోయేవాళ్లు బయలుదేరక ముందే అందాలని, రెండు గంటలకు ఫోన్లు పోయేలా పెట్టి, పోలయ్య గారు కంటి పరీక్షకు కావలి వెళ్లాడు. అదే మిషన్‌లో ఒక కాలేజీ సైటు ఉంది. ఒంటిగంటన్నరకు వాళ్లు పరీక్షా ఫలితాలు పెట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా వచ్చి పడ్డారు. మిషన్ బిగుసుకుపోయింది. సరిగ్గా టెస్టులో లాగానే. ఆపి మళ్లీ లేపితే డిస్కు తనిఖీ మొదలైంది. అది మధ్యలో ఆపడానికి లేదు. తెర మీద కదిలే అంకెలను చూస్తూ నిలబడ్డాను. నాలుగున్నరకు గానీ లేవలేదు. రెండు గంటల ఫోన్లు పోనే లేదు, అప్పటికే పడవలు బయలుదేరాయి.

ఆ సాయంత్రం ఒక పడవ తిరగబడింది. ఇద్దరు ఈది ఒడ్డుకు చేరారు. పెంచలయ్య అనే అతను రాలేదు.

మర్నాడు ఓనరు గారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

"నిన్న పొద్దున ఆ మిషన్ మీద చెయ్యి పెట్టింది ఎవరు?"

"మెర్సీ ఒక అప్‌డేట్ చేసింది సార్," అన్నాను. అది నిజమే. నిజం కాబట్టి నోరు తడబడలేదు.

"దానికీ దీనికీ సంబంధం లేదు సార్," అంది మెర్సీ. "ఈ సాఫ్ట్‌వేరుతో ఇట్టా అవతాదని మేం ముందే టెస్టు చేసి చూసినాం. అన్నా, నువ్వే గదా చేసినావు. సారుకు చెప్పన్నా."

"ఏ టెస్టు, మెర్సీ?"

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. సరిగ్గా వినబడలేదేమో అన్నట్టు. ఆ వారంలోనే ఆమెను తీసేశారు.

మూడో రోజు పోలయ్య గారు వచ్చాడు. అరుస్తాడని భయపడ్డాను. అరవలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "గాలి ఉంటే ఫోను వస్తాది గదా సార్. రాలేదంటే గాలి లేదనుకున్నారు. అందుకే పోయినారు," అని వెళ్లిపోయాడు.

మిషన్ కూలిన రోజు లాగ్ ఫైళ్లన్నీ, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో మిషన్ తనే రాసుకునే చిట్టాలన్నీ, చదివాను. మెర్సీ అప్‌డేట్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. అక్కడ తేటగా రాసి ఉంది. ఓనరు గారు అడగలేదు. నేను చూపించలేదు. ఆరు నెలలకు మిషన్లన్నీ మెల్లగా రెండో రకానికి మార్చాను. ఎలా అంటారా? మెర్సీ వదిలివెళ్లిన నోటుపుస్తకం చూసి. ప్రతి మెట్టూ పిల్లలకు చెప్పినట్టు రాసిపెట్టింది. ఓనరు గారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. తల వంచుకుని నిలబడితే, అణకువ అనుకున్నారు.

ఇంతవరకే అయితే ఇంకొన్నాళ్లు మోసేవాణ్ణేమో. పోయిన నెల ఒక పని మీద సూళ్లూరుపేట వెళ్లాను. స్టేషన్‌లో తిరుగు బండి కోసం నిలబడి ఉంటే, "అన్నా" అని పిలుపు. మెర్సీ. అక్కడే ఒక బడిలో కంప్యూటర్లు నేర్పుతోందట. కంపెనీల్లో మళ్లీ చేరలేదట. మా అమ్మ ఎట్లా ఉందని అడిగింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"అన్నా, నిజం చెప్పు. ఆ పొద్దు నేను చేసిన అప్‌డేట్ వల్లనేనా ఆ మనిషి పోయింది? ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా నాకు తేలటం లేదు. టెస్టు చేసినామని కూడా నేనే ఊహించుకున్నానేమో అనిపిస్తాది."

నేను ఆమె ఉద్యోగం తీశాననుకున్నాను. అంతకన్నా లోపలిది తీశాను. తన జ్ఞాపకాన్ని తనే నమ్మలేకుండా చేశాను. ఒక్కమాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. "పాతవి వదిలెయ్ మెర్సీ," అన్నాను. బండి వచ్చింది. ఆమె తలూపి, నా సంచి అందించింది.

ఆ ఫోన్లు పోయి ఉంటే పెంచలయ్య ఒడ్డునే ఉండేవాడా? విని కూడా పోయేవాడా? అది నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడం వెనక ఇన్నేళ్లు దాక్కున్నాను. తెలిసింది మాత్రం ఇది. టెస్టు జరిగింది. చేసింది నేను. దాచింది నేను. అడిగితే లేదన్నది నేను.

ఇది ఆమెకు పంపుతానా? పంపుతాను అని రాసి కొట్టేశాను. మీకు ఇంకో అబద్ధం చెప్పదలచుకోలేదు. ఇంట్లో అందరూ పెళ్లికి పోయారు. ఇందాక ఖాళీ గదిలో, "మెర్సీ, నీ తప్పేమీ లేదు," అని పైకి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మళ్లీ ఒకసారి అన్నాను.