బోర్డు మీద మొదటి పేరు

మార్కాపురంలో పలకలు తయారుచేసే ఒక కార్ఖానాలో నేను పదకొండేళ్లు పనిచేశాను. రాతి బిళ్లను ఉలితో పలుచటి పొరలుగా చీల్చాలి. ఆ పని నాకు నేర్పింది పెద్దారవీడు నుంచి వచ్చే ఒక అక్క. రాయిని వేలితో తట్టి, చప్పుడు విని, ఉలి ఎక్కడ పెట్టాలో చెప్పేది. కొత్తవాళ్లు ఎవరొచ్చినా తన పని ఆపి మరీ చూపించేది. ఆమె చేతిలో పలక విరగడం నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు యజమాని గోడకు ఒక తెల్లబోర్డు తగిలించాడు.

"ఎవురెన్ని చేసినారో రోజూ దీని మీద రాస్తా. నెలాఖరుకు ముందున్నోళ్లకు మిక్సీ. కిందున్నోళ్లు వేరే పని చూసుకోవాల."

మొదట నవ్వుకున్నాం. వారం తిరిగేసరికి షెడ్డులో మాటలు ఆగిపోయాయి. మంచినీళ్లకు లేవడానికి కూడా భయం. కొత్తగా చేరిన ఒకామె "అక్కా, ఈ రాయి ఎట్ల చీలుతాది?" అని నన్నడిగితే విననట్టు తల దించుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

యజమాని ఫోన్‌లో టైం చూసుకుంటూ అక్క వెనక నిలబడేవాడు. రాయిని తట్టి చూసే తీరికే లేదు ఆమెకు. ఒక పలక విరిగింది.

"ఏందమ్మా, ఇన్నేళ్లు చేసి ఇదేనా?" అన్నాడు.

ఇంకొకటి విరిగింది. మూడోసారి ఉలి జారి ఆమె బొటనవేలు చీలిపోయింది. రక్తం కారుతుంటే ఆయన "తొందరగా కట్టు కట్టుకొని రా" అన్నాడు. ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ నెల మిక్సీ నాకొచ్చింది. ఫొటో తీశారు, చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి బోర్డు మీదున్న పేర్లన్నీ చెయ్యిపెట్టి తుడిచేశాను.

"ఏంది నువ్వు చేసేది? గెలిచింది నువ్వే కదా!" అని అరిచాడు యజమాని.

"ఎట్ల గెలిచినానో చూడండి సార్. నేను పలకలు పేర్చిన పెట్టెల్లో అడుగు వరసలు తీయండి. అన్నీ నెర్రెలిచ్చినవే. లెక్క పెరగాలని నేనే దాచి పెట్టినా."

తీసి చూశాడు. మొహం నల్లబడింది. అయినా తగ్గలేదు.

"ఆశ, భయం లేకుంటే ఎవురు చేస్తారు పని?"

"ఇన్నేళ్లు మేం చేసింది ఏంది సార్ మరి? మీరు చూడకున్నా చేసినాం. బాగుండాలని చేసినాం. మంచి పనిమంతురాలిని పోగొట్టుకున్నారు, నన్ను దొంగను చేసినారు."

"పో బయటికి" అన్నాడు.

మిక్సీని ఆయన బల్ల మీదే వదిలేసి గేటు వైపు నడిచాను. వెనక ఉలి చప్పుళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. యజమాని "కానీయండి, కానీయండి" అంటున్నాడు. నేను రోడ్డెక్కేదాకా ఆ చప్పుడు మళ్లీ మొదలవలేదు.