కట్టిన చెయ్యే విప్పాలి

పోయిన గురువారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. పెరంబూరులో మా పై వాటాలో ఉండిన డాక్టరమ్మ గుండె ఆపరేషన్ తరువాత కోలుకోకుండానే పోయారు. ఫోను చేసింది ఆమె శిష్యురాలు. డాక్టరమ్మ రిటైరయ్యాక, ఆమె పనిచేసిన ఆస్పత్రిలోనే కాన్పుల విభాగానికి పెద్దయిన డాక్టరు. ఇద్దరూ యానాది తెగవాళ్ళే.

డాక్టరమ్మ ఎప్పుడు మెట్ల మీద ఎదురైనా ఒక చేతిలో క్యారియర్, చంకలో చాప. పులికాటు వైపు నుంచి కాన్పుకు వచ్చే యానాది ఆడపిల్లల వెంట ముసలమ్మలు వస్తారు. "కుర్చీ వేస్తే అంచున కూచుంటారన్నా. చాప వేస్తే మాట్లాడతారు," అనేవారు.

ఒకసారి వార్త కోసం ఆ వార్డుకు వెళ్ళాను. ఒక పిల్లకు బీపీ పెరిగింది, వెంటనే ఆపరేషన్ చేయాలి. సూది గుచ్చడానికి నర్సు ఆమె మణికట్టుకున్న రక్ష తాడును కత్తిరించింది. ఆ తాడు కట్టిన అవ్వ, పిల్లను తీసుకుపోదామని మూట కట్టేసింది.

"వీళ్ళింతే మేడం, చెప్పకుండా పారిపోతారు," అంది నర్సు.

"చెప్పకుండా తెంచింది ఎవరు సిస్టర్?" అని డాక్టరమ్మ చాప పరిచి కూర్చున్నారు. "ఏందవ్వా, యాడికి?"

"మా తాడు తెంచినారు తల్లే. ఇంక ఈడ బిడ్డను ఎట్ట వదిలేది?"

"తెంచింది తప్పే. దాన్ని నా చేతికి కట్టు. బిడ్డ పుట్టినాక నువ్వే ఇప్పుకో."

"తాడుంటే నిన్ను ఆపరేషన్ గదిలోకి రానీరంట గదా. మరి కోసేదెవురు?"

"అదిగో, మా పిల్ల."

అవ్వ గుమ్మం దగ్గర నిలబడిన శిష్యురాలిని ఎగాదిగా చూసింది. "ఆ పుల్లా? గాలొస్తే ఎగిరిపోతాదే!"

"ఎగరదులే. మనోళ్ళ బిడ్డ."

అవ్వ మూట విప్పింది. తెగిన తాడును ముడేసి డాక్టరమ్మ చేతికి కట్టింది. కట్టిన చెయ్యే విప్పాలని మరీ మరీ చెప్పింది. పెద్ద డాక్టరు ఒకాయన వచ్చి, మీరు లోపలికి రారా అని అడిగాడు. "నేనుంటే అందరూ నా మొగమే చూస్తారు," అన్నారామె. శిష్యురాలిని ముందు నిలబెట్టి ఆపరేషన్ చేయించడం అదే మొదలు. లోపల బిడ్డ ఏడ్చేదాకా అవ్వా డాక్టరమ్మా చాప మీదే ఉన్నారు. అవ్వ ఆ ముడిని పంటితో విప్పింది.

డాక్టరమ్మ రిటైరయ్యే ముందు ఆమె కుర్చీ ఎవరికన్న మాట వచ్చింది. శిష్యురాలు ఇంకా చిన్నదన్నారు పైవాళ్ళు. "మనోళ్ళకు మంచి చేస్తామంటారన్నా. మనోళ్ళు చెప్తే మాత్రం వినరు," అన్నారు డాక్టరమ్మ మెట్ల మీద. గొంతు పెంచలేదు. పట్టు కూడా వదల్లేదు. కుర్చీ శిష్యురాలికే వచ్చింది.

శుక్రవారం పైకి వెళ్ళాను. గదిలో అదే చాప పరిచి ఉంది. గుండె ఆపరేషన్‌కు ముందు జరిగింది శిష్యురాలు చెప్పింది. డాక్టరమ్మ తన చేతికి తానే కట్టుకున్న తాడును చూసి కొత్త నర్సు, "ఈ తాడు తియ్యచ్చా అమ్మా?" అని అడిగిందట. డాక్టరమ్మ నవ్వి, తానే విప్పి శిష్యురాలి చేతికి కట్టారట. "వచ్చి ఇప్పుతా" అన్నారట.

"రేపు నేను ఆపరేషన్ చెయ్యాలన్నా," అంది. "ఇప్పమని ఎవరినడిగేది?"

చాప మీద కూర్చుని ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ముడి డాక్టరమ్మ వేసినట్టే ఉంది.