టాపెట్ కవరు మీద ఆయన చేతిరాత

మట్టిలో ఊపిరి ఊదిన దేవునికి స్తోత్రం. ఇచ్చినందుకు స్తోత్రం, ఇచ్చినదాన్ని తిరిగి తీసుకున్నందుకు కూడా స్తోత్రం. ఈ రెండో మాట అనడం నాకింకా పూర్తిగా చేతకాలేదు. అయినా ముందు అదే రాసి, తర్వాత జీపు సంగతి చెబుతాను.

మాది తెక్కలకోట. మావారికి ఒక పాత జీపు ఉండేది. ఆదివారం ఉదయం కాలువ వెంబడి వలస రైతులు కట్టుకున్న క్యాంపులకు వెళ్లి, బస్సెక్కలేని ముసలివాళ్లను ఆరాధనకు తీసుకొచ్చేవారు. బయలుదేరే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి "స్తోత్రం ప్రభువా" అనేవారు. ఆ తర్వాతే తాళం తిప్పేవారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లి రెండు వానాకాలాలు దాటాయి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆ బండి తిరుగుతున్నంత కాలం ఆయన ఆదివారాలు ఆగిపోలేదని నాకనిపించేది.

ఇంజన్ తలమీద ఒక రేకు మూత ఉంటుంది, టాపెట్ కవరంటారు. మా జీపుది తుప్పుపట్టి చిల్లులు పడింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. బళ్లారిలో అల్యూమినియం పోత పోసే ఆయన కొత్తది చేసిస్తానన్నాడు. అప్పుడు నాకొక ఆశ పుట్టింది. మావారు ప్రసంగాలు రాసుకునే నోటుపుస్తకంలో ప్రతి పేజీ పైనా "స్తోత్రం ప్రభువా" అని ఉంటుంది. "భ" కింది గీతను పక్క అక్షరం దాకా లాగి వదిలేవారు. ఆ రాతనే పెద్దది చేసి, కవరు నడినెత్తిన ఉబ్బెత్తుగా వచ్చేటట్టు పొయ్యమన్నాను.

"పాతదాంట్లో నడిమధ్య గాలి పైపు ఉండాది కదక్కా. దాన్ని యాడ పెట్టమంటావు?" అని అడిగాడు.

"దేవుని పేరు మీద రంధ్రమేందప్పా? పైపూ వద్దు, ఏమీ వద్దు" అన్నాను.

పోత పోసే ఆయన తలూపి కొలతలు రాసుకున్నాడు.

బిగించేటప్పుడు మా ఊరి మెకానిక్, మావారి స్నేహితుడే, పాత కవరు నుంచి ఊడదీసిన రబ్బరు పైపు పట్టుకుని నా ముఖం చూశాడు.

"ఇంజన్లో గాలి పోయే దారి ఇదేనక్కా."

"కొన్నాళ్లు చూద్దాం లేప్పా" అన్నాను. తల గోక్కుని పైపు కొసకు బిరడా కొట్టాడు.

రెండు ఆదివారాలు బాగానే గడిచాయి. కనిపించిన ప్రతివాళ్లకూ బానెట్ ఎత్తి చూపించాను. మూడో ఆదివారం కాలువ వంతెన దగ్గర పొగ కమ్మింది. దిగి చూస్తే కవరు అంచులన్నిటి నుంచీ ఆయిల్ కారుతోంది. ఆయన అక్షరాలు నల్లగా తడిసి ఉన్నాయి. ఆ రోజు ప్రభువు బల్ల, మందిరంలో రొట్టె పంచే ఆదివారం. క్యాంపులో ఎనభై దాటిన ఒక పెద్దమ్మ ఉంది. నెలకొకసారి అందే ఆ రొట్టెముక్క కోసమే ఉన్నానంటుంది. మర్నాడు ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏమ్మా, తెల్లచీర కట్టుకుని పన్నెండింటి దాకా అరుగు మీదే కూర్చున్నాను. మీ ఆయన ఒక్క వారం తప్పించలేదు. నువ్వేమో బండికి నగ చేయించావంటగా!"

అక్కడినుంచి నేరుగా మెకానిక్ షెడ్డుకి వెళ్లాను.

"పిస్టన్ల పక్కనుంచి కొంచెం గాలి కిందికి దిగుతానే ఉంటాదక్కా" అన్నాడు మెకానిక్. "ముసలి ఇంజను కదా, ఎక్కువే దిగుతాండాది. పోనీకి దారి లేకుంటే ఆయిల్ని తోసుకొని వస్తాది."

"రంధ్రం పక్కకి పెట్టకూడదా?"

"పక్కల్లో ఆయిల్ చిమ్ముతాంటాది, అంతా పైపులోకే పోతాది. నడిమధ్యనే జాగా ఉండాది. లోపల ఒక రేకు అడ్డం పెడతా, ఆయిల్ ఆగి గాలి మాత్రం పోతాది." సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అది సరిగ్గా "భ" మీద పడింది. డ్రిల్లు మిషను నా చేతికిచ్చాడు. "ఈ పని మాత్రం నువ్వే చెయ్యక్కా. నేను చేస్తే రేపు మీ సంఘమంతా నా షెడ్డు మీదికొస్తాది."

నాకు మా మందిరం కిటికీలు గుర్తొచ్చాయి. దుమ్ము వస్తుందని పెద్దలు మూయించేవారు. పాట మొదలవగానే మావారు లేచి ఒక్కొక్కటే తెరిచేవారు. "ఊపిరాడకుంటే ఎట్ల పాడతారప్పా?" అనేవారు. పాటల పుస్తకం మీద పడిన దుమ్ము తుడుచుకుంటూ నేను విసుక్కునేదాన్ని.

డ్రిల్లు ఆనించాను. మెకానిక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తెల్లటి లోహపు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం పోయేదాకా పిడికిలి విప్పలేదు.

తర్వాతి ఆదివారం పైపు బిగించుకుని క్యాంపుకి వెళ్తే, పెద్దమ్మ బానెట్ ఎత్తించి మరీ చూసింది. "అక్షరం పోయిందే!" అంది.

"పోయిందమ్మా."

బానెట్ దించాక దాని మీద తన చెయ్యి ఆనించి, ఆయన అనే మాటే అంది. నేను తాళం తిప్పాను.

ఇది చదివే మీరు ఒక్క నిమిషం ఆగండి. పెద్దమ్మను వచ్చే నెల బల్ల దాకా నిలపమని, అక్షరం పోయిన ఆ ఖాళీ చోటు కంటబడినప్పుడల్లా స్తోత్రం చెప్పే మనసు నాకివ్వమని, నాతో కలిసి ప్రభువును అడగండి.