అప్పన్న గారి ప్రింటర్

భజన అయిపోయింది, ప్రసాదం చేతికొచ్చింది. ఇప్పుడెవరూ లేచి వెళ్లరని నాకు తెలుసు. కూర్చోండి, చెబుతాను. మొన్న సోమవారం మా ఆఫీసులో ఒక్కటంటే ఒక్క కాగితం ప్రింట్ తీయబోయి, కింది అంతస్తులో లెక్కల క్లాసు మొత్తం ఆపించేశాను! అప్పుడే నవ్వకండి, ఇంకా మొదలే పెట్టలేదు.

ద్వారకా నగర్‌లో మా ఆఫీసు మీరెరిగిందే. రేవుకొచ్చే ఓడలకి బియ్యం, కూరగాయలు, తాళ్లు, సబ్బులు అందిస్తాం. ఉన్నవి రెండు కంప్యూటర్లు. లోపలి గదిలోది పాతది, విండోస్. ప్రింటర్ దానికే తగిలించి ఉంటుంది. ముందు గదిలోది నాది. దానికి పసిపిల్లకి జలుబు చేసినట్టు ఎప్పుడూ వైరసే. మా చెల్లెలి మొగుడు చిన్నారావు కంప్యూటర్ ఇంజనీరు కదా, విసుగొచ్చి అందులో లైనక్స్ ఎక్కించేశాడు.

"ఇది వేరే జాతి బావా. వైరసులు దీని మొగం సూడవు" అన్నాడు.

వైరసులు చూడకపోతే చూడకపోయాయి, ఆ విండోస్ కూడా దీని మొహం చూడడం మానేసిందండీ! పెళ్లిలో అలిగిన వియ్యపురాళ్లలా ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ. ఇక్కడ టైపు చేస్తే అక్కడ ప్రింట్ రాదు. వీళ్లిద్దరికీ రాజీ కుదర్చడానికి సాంబా అని ఒక ప్రోగ్రాం ఉందట. ఆ పేరు వినగానే సాంబశివుడే అనుకుని నేను లేచి రెండు చెంపలూ వేసుకున్నాను. చిన్నారావు తల పట్టుకున్నాడు.

ఆదివారం కూర్చుని నాకు పాఠం చెప్పాడు. "ప్రింటరున్న మిషన్‌కి ఓ పేరుండాల బావా. నీ మిషన్ ఆ పేరెట్టి పిలిత్తాది. ఎవులు పలికితే ఆళ్లకి కాగితం ఇచ్చెత్తాది. ఏటి పేరెట్టమంటావు?"

"అడగాలేటి? అప్పన్న!"

సింహాద్రి అప్పన్న కొండ మీద ఉండగా ఈ ఊళ్లో ఇంకో పేరు ఎవరికి తడుతుంది చెప్పండి? మా తాత అప్పన్న, మా మేనమామ అప్పలరాజు, మా ఆవిడ అప్పలనరసమ్మ. ప్రింటర్ మాత్రం ఏం పాపం చేసింది? పేరు పెట్టాం, బటన్ నొక్కాం, లోపలి గదిలో జుయ్‌మని కాగితం వచ్చింది. నా ఆనందానికి కొబ్బరికాయ కొట్టేశాను.

ఇక సోమవారం. మా ఆఫీసులో నూకరాజు ఉన్నాడు, ఓడల దగ్గరకి సామాను తీసుకెళ్లే కుర్రాడు. బంగారం లాంటివాడు. వాళ్లమ్మ పోలమ్మ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్ముతుంది. పాపం రెండు సంబంధాలు తప్పిపోయాయి. మధ్యవర్తులు వాళ్లమ్మ పని దాచిపెట్టి మాట్లాడడం, తర్వాత తెలియడం, అవతలివాళ్లు ముక్కు మూసుకోవడం. ఆ రోజు మూడో సంబంధం. అమ్మాయి మేనమామ పలాస బస్సు ఎక్కడానికి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఉన్నాడు, పక్కన పోలమ్మ. అబ్బాయి బయోడేటా చేతిలో పడితే పట్టుకెళ్తాడు. అదీ ప్రింట్ చేసిందే కావాలట!

నేను టైపు చేస్తుంటే నూకరాజు పక్కన నిలబడ్డాడు. "బాబాయ్, అమ్మ పని కూడా రాయి. మా అమ్మ సేపలమ్మే నన్ను సదివించింది. అది లేని కాగితం నాకొద్దు."

రాశాను. ప్రింట్ నొక్కి లోపలి గదిలోకి పరుగెత్తాను. కాగితం లేదు.

వెనక్కొచ్చి చూస్తే నా మిషన్ మాత్రం పని పూర్తయిందంటోంది. మళ్లీ నొక్కాను, మళ్లీ పరుగెత్తాను. ప్రింటర్ ధ్యానంలో ఉన్న మునిలా కదలదు, మెదలదు!

"బాబాయ్, ఫ్లాపీలో ఏసుకుని ఆ గదిలో కొట్టీలేమా?" అన్నాడు నూకరాజు.

"ఫ్లాపీలో వేస్తే నిన్న నేర్చుకున్న విద్యంతా ఏటైపోవాల్రా?" అన్నాను. చూశారా, గర్వం ఎక్కడ కూర్చుంటుందో!

బయోడేటాతో కాదు, చిన్న చిన్న మాటలతో పరీక్షిద్దామనుకున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో 'అప్పన్న తండ్రీ, ఒక్కసారి కరుణించు' అని కొట్టి పంపాను. రాలేదు. 'తండ్రీ, ఈ కుర్రాడి పెళ్లి నీ చేతిలో ఉంది.' రాలేదు. 'నా వల్ల తప్పుంటే నన్ను దండించు, వాడినొదిలెయ్.' ఊహూఁ. ప్రతి ప్రార్థన వెనకాలా బయోడేటా ఇంకోసారి. ప్రింటర్‌కి బొట్టు పెట్టాను, అగరొత్తి తిప్పాను. చివరికి సిగ్గు విడిచి ఫ్లాపీ తీశాను. దాన్ని విండోస్‌లో పెడితే, ఇందులో ఏముందో నాకు తెలీదు, తుడిచెయ్యమంటావా అని అడిగింది! అది లైనక్స్ పద్ధతిలో రాసిన ఫ్లాపీ అట. ఈలోగా ఫోను మోగింది. పోలమ్మ.

"బస్సు ఎల్లిపోనాది బాబూ. కాగితం లేదేటని అడిగాడు. ఏటి సెప్పను?"

నూకరాజు "పర్లేదులే బాబాయ్" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ 'పర్లేదు' కన్నా నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద దబదబా అడుగులు. కింద కోచింగ్ సెంటర్ నడిపే సూరిబాబు మాస్టారు! ఒళ్లంతా చెమట, చేతుల్లో పూలదండలా వేలాడుతున్న పొడవాటి ప్రింటర్ కాగితం.

"సింహాచలం గారూ! ఇక్కడ నూకరాజు అని ఎవరైనా ఉన్నారా? మీ ఆఫీసు పేరుంది ఇందులో. నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే, ఎవరూ ముట్టుకోకుండా మా ప్రింటర్ దానంతటదే మోగిందండీ! అప్పన్న నామం, దాని వెనక పెళ్లికొడుకు వివరాలు! మళ్లీ నామం, మళ్లీ పెళ్లికొడుకు! పిల్లలు బెంచీలెక్కి చూస్తున్నారు. మా చెల్లి గౌరి సంబంధం కోసం మొన్ననే స్వామికి మొక్కుకున్నాను!"

మెల్లిగా అడిగాను. "మాస్టారూ, మీ కంప్యూటర్ పేరేటి?"

"అప్పన్న. ఎందుకండీ?"

అయిపోయింది! ఇంటర్‌నెట్ కోసం మా రెండు ఆఫీసులకీ ఒకటే వైరు. ఆదివారం వాళ్లకి సెలవు, కాబట్టి మా అప్పన్న పలికాడు. ఒకే పేరు రెండు మిషన్లకుంటే ముందు ఆన్ అయినదే పలుకుతుందట. మామూలు రోజుల్లో తెల్లారేసరికే వాళ్ల మిషన్ ఆన్. నేను పూజ ముగించి మాది ఆన్ చేసేసరికి ఆ పేరు కింది అంతస్తులో స్థిరపడిపోయి ఉంటుంది. మా తెర మీద ఏదో ఇంగ్లీషు హెచ్చరిక వచ్చిందండీ. నేను హారతిస్తూ ఓకే నొక్కేశాను!

ఉన్నదున్నట్టు చెప్పేశాను. దేవుడి పేరుతో అబద్ధం ఆడలేను కదా. "ఇది మహిమ కాదు మాస్టారూ, నా తెలివితక్కువతనం."

ఆయన కాగితం మీద వేలు పెట్టారు. "అది మీరూ మిషన్లూ చూసుకోండి. నేను చూసింది ఈ లైను. తల్లి చేపలు అమ్ముతుంది అని ధైర్యంగా రాసుకున్నాడు. మా అమ్మ కూడా భీమిలి ఒడ్డున గంప మోసిందండీ. దాచకుండా రాసినోడు ఇన్నాళ్లకి ఒక్కడు దొరికాడు."

ఆయన వెనకాలే గౌరి వచ్చింది. క్లాసులో పిల్లలు గోల పెడుతున్నారని అన్నయ్యని పిలవడానికి. కాగితం అందుకుని మడతలు మడతలుగా చదివింది. చదివి నూకరాజు వైపు తిరిగి, "ఇన్ని కాపీలెందుకండీ? ఒకటి సరిపోదా?" అంది.

మా నూకరాజు తుపానులో పడవెక్కి ఓడ దగ్గరకి వెళ్లొచ్చే మనిషి. ఆ ఒక్క మాటకి గోడ పట్టుకున్నాడు.

వచ్చే గురువారం పెళ్లిచూపులు. పోలమ్మ ఫోన్లో ఏడ్చిందో నవ్విందో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం చిన్నారావు వచ్చి విషయం విని నెత్తి కొట్టుకున్నాడు. "ఒకరి మిషన్ పేరు మార్సీండి, అయిపోద్ది!"

క్లాసు ముగించుకుని పైకొచ్చి కూర్చున్న మాస్టారి వైపు చూశాను నేను. ఆయన నా వైపు చూశారు.

"మీరు మార్చండి మాస్టారూ."

"స్వామి పేరు నా చేత్తో చెరపమంటారా? మీరే మార్చండి."

"నేనెలా చెరుపుతానండీ, కొబ్బరికాయ కొట్టి పెట్టిన పేరు!"

"సరే, కనీసం పొద్దున్న పూజ తొందరగా ముగించి ప్రింటరున్న మిషన్ ముందు ఆన్ సెయ్యి బావా" అన్నాడు చిన్నారావు. పూజ తొందరగానా! మీరే చెప్పండి, అయ్యే పనేనా?

అందుకని ఎక్కడిదక్కడే ఉంది, మా కాగితాలు కింద మాస్టారి గదిలోనే వస్తున్నాయి. నిన్న మా ఓనరు గారు అడిగారు. "ఏం సింహాచలం గారూ, రెండు రకాల కంప్యూటర్ల మధ్య ప్రింటర్ షేరింగ్ నేర్చుకున్నారట, కష్టమా?"

"కష్టమేం లేదు సార్" అన్నాను. "ప్రింట్ నొక్కగానే చెప్పులేసుకోవాలి, అంతే!"